పదిహేను రోజుల పరీక్ష

"ముక్కు కప్పులో పెన్నులెవరు పెట్టారు?"

ఇంట్లో ఉన్నదే ముగ్గురు. అందులో మామగారు పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో. అడగక్కర్లేని ప్రశ్నే అయినా కోడలు అడిగింది.

"నేనే. అయితే ఏం?" అన్నాడు భర్త, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. "ఖాళీగా పడుంది కదా అని పెట్టాను. కప్పే కదా!"

"కప్పే కదా అంటారేమిటండీ? ముక్కులో సిరా దిగితే మళ్ళీ వదులుతుందా?"

"ఇప్పుడు దాంతో ఎవరు తాగాలని?"

ఆ మాట నోరు జారాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. పక్క గదిలో పేపరు చదువుతున్న మామగారి చేతిలో కాగితం చప్పుడు ఆగింది. కోడలు పెన్నులు బల్ల మీద కుమ్మరించి, కప్పు తీసుకుని కడగడానికి వెళ్ళింది.

అది అత్తగారి కప్పు. మంచాన పడ్డవాళ్ళు తల ఎత్తకుండా తాగడానికి వీలుగా ముక్కున్న కప్పు. ఆ ఇంటికి అన్నం పెడుతున్న వెబ్‌సైటులో మొదటి వస్తువు అదే.

భర్త పనిచేసే ప్రెస్సు మూతపడిన ఏడే అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఆయన ఒక వెబ్‌సైటు పెట్టాడు. పేరు 'మంచం పక్కన'. అందులో వీళ్ళు అమ్మేదేమీ లేదు. మంచాన ఉన్నవాళ్ళకి ఏ పరుపు పనికొస్తుంది, ఏ కప్పు కారదు అని చెప్పడం, కింద దుకాణానికి దారి చూపడం. ఆ దారిన వెళ్ళి ఎవరైనా కొంటే దుకాణంవాడు వీళ్ళకి కొంత కమిషన్ ఇస్తాడు. ఒకసారి సరిగ్గా నాటితే ఏళ్ళ తరబడి కాస్తుందని ఆయన ఎక్కడో పాఠం విన్నాడు.

నాటింది ఆయనైనా నీళ్ళు పోసింది కోడలు. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: ఏ వస్తువైనా అత్తగారు పదిహేను రోజులు వాడాకే సైటులోకి ఎక్కాలి. 'ఈ కప్పు ముక్కు లోపల కడగడానికి సన్నటి బ్రష్షు విడిగా కొనుక్కోవాలి, ఆ సంగతి దుకాణంవాళ్ళు చెప్పరు' అని రాసేది. అలాంటి మాటలకే జనం నమ్మారు. మూడేళ్ళలో పన్నెండంటే పన్నెండే వస్తువులు. అయినా నెలనెలా డబ్బు వస్తూనే ఉంది.

అత్తగారికి నోట మాట బాగున్నన్నాళ్ళూ దీనికి మహా సరదాపడేది. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను పడుకుని సంపాదిస్తున్నాను, చూడండర్రా!" అనేది. "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. చెట్టుని మాత్రం రోజూ తుడవండి."

ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. సైటులో ఆ సంగతి రాయలేదు. మొదట దుఃఖంలో రాయలేదు, తర్వాత ఎలా రాయాలో తెలియక రాయలేదు. ఈలోగా సైటు చదివేవాళ్ళ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తల్లికి సేవ చేసుకుంటున్న ఒక టీచరమ్మ ప్రతి వారం రాసేది. చివర ఎప్పుడూ ఒకే వాక్యం: 'మీ అత్తగారు ఎలా ఉన్నారు?' కోడలు ఎనిమిది నెలలుగా 'బాగానే ఉన్నారు' అని జవాబిస్తోంది. రాసిన ప్రతిసారీ కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

కప్పు కడిగి వచ్చేసరికి భర్త హాల్లో ఉన్న పెద్ద పెట్టె విప్పుతున్నాడు. కొత్తరకం గాలి పరుపు. చిన్న మోటారుతో ఒక వరస ఉబ్బుతుంటే ఇంకో వరస దిగుతుంది, ఒంటికి పుండ్లు పడవు.

"దీన్ని సైటులో పెట్టాలి. కొత్త వస్తువు వచ్చి ఏడాది అయింది. ఇలాగే ఉంటే జనం రావడం మానేస్తారు."

"పదిహేను రోజులు ఎవరు వాడాలి?"

"అమ్మ వాడిందని రాసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందండీ. ఆ టీచరమ్మ నిన్ననే అడిగింది, మీ అత్తగారికి ఈ పరుపు పడితేనే మా అమ్మకి కొంటానని. ఏం రాయమంటారు?"

మామగారు గుమ్మంలోకి వచ్చారు. "నేను పడుకుంటాను."

"మీకేం జబ్బని నాన్నా?"

"డెబ్భైయెనిమిదేళ్ళు చాలవురా? అంతకంటే పెద్ద జబ్బు కావాలా?" అన్నారాయన. "మధ్యాహ్నం పూట రెండేసి గంటలు పడుకుంటాను. పక్షవాతం ఉన్నవాళ్ళలాగే కదలకుండా. సరేనా అమ్మాయ్?"

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. నలభై ఏళ్ళు కంటికి భూతద్దం తగిలించుకుని బతికారు. పరీక్ష అంటే ఆయనకి మహా నిష్ఠ. కోడలు ఎనిమిది నెలలుగా మూసి ఉన్న గది తలుపు తీసి, అత్తగారి మంచం మీద కొత్త పరుపు పరిచింది.

మొదటి రోజు, "మోటారు పళ్ళరిగిన చక్రంలా మూలుగుతోంది, నిద్ర పట్టదు," అన్నారు. మూడో రోజు, "మడమల దగ్గర గాలి చాలదు," అన్నారు. కోడలు అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. రాస్తూ ఉంటే పాత రోజులు తిరిగొచ్చినట్టే అనిపించి, పుస్తకం మూసి కాసేపు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆరో రోజు మధ్యాహ్నం ఆమె గిన్నెలు సర్దుతోంది. లోపల్నుంచి మామగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, టైమెంత?"

"మూడున్నర! గోడకి గడియారం ఉందిగా, మామయ్యగారూ!"

అనేశాక ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ జవాబు పాతది. పక్షవాతం రెండో దెబ్బ తగిలాక అత్తగారికి నాలుగైదు మాటలే మిగిలాయి. అందులో ఒకటి "టైమెంత". రోజుకి పాతికసార్లు అడిగేది. ఇంట్లో ఎవరు ఏ మూలనుంచి జవాబిచ్చినా ఇదే వరస: గోడకి గడియారం ఉందిగా!

గిన్నె గట్టు మీద పెట్టింది. ఆమె వెళ్ళి చూసింది. మామగారు వెల్లకిలా, తల కదపకుండా పడుకుని ఉన్నారు.

"కనబడదమ్మాయ్. ఇక్కణ్ణించి కనబడదు."

"ఏది?"

"గడియారం. బీరువా అడ్డం."

ఆమె వంగి, దిండు పక్కన చెంప ఆనించి చూసింది. ఎదురుగా బీరువా పక్కభాగం, దాని పైన గోడ, గోడ మీద గడియారం చట్రం అంచు ఒక వేలెడంత. నిలబడితే మొత్తం కనిపిస్తుంది. వాళ్ళందరూ ఎప్పుడూ నిలబడే చూశారు.

ఆ గడియారం మామగారే భార్య మంచానికి ఎదురుగా బిగించారు. రెండో దెబ్బ తర్వాత రెండు వైపులనుంచీ దుప్పటి మార్చడానికి వీలుగా కోడలే మంచం తిప్పించింది. దాని గురించి సైటులో పేజీ కూడా రాసింది. అత్తగారికి ఆ తర్వాత మెడ తిరగలేదు.

"మతి పోయిందన్నాను," అన్నారు మామగారు. "గడియారాలు చేసేవాడి పెళ్ళానివి, గంట చూడ్డం రాదా అని వెక్కిరించాను. డాక్టరుకీ అదే చెప్పాను. చివరి రెండు నెలలూ అడగడమే మానేసింది. నెమ్మదించింది అనుకున్నాను అమ్మాయ్."

ఆయన కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి. ఆయన తుడుచుకోలేదు. పరీక్ష అయ్యేదాకా కదలకూడదని నియమం పెట్టుకున్నారు కదా.

కోడలు మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. సైటులో అన్నిటికంటే ఎక్కువమంది చదివే పేజీ ఆమెకి గుర్తొచ్చింది: 'మతిమరుపు మొదలైనవాళ్ళకి'. అందులో ఆమె రాసిన మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. 'పెద్ద అంకెల గడియారం కూడా కొని అదే మేకుకి తగిలించాం. అయినా మా అత్తయ్య టైము అడుగుతూనే ఉంది. అది జబ్బు. విసుక్కోకండి.' ఎంత ఓపికగా, ఎంత బాగా రాసింది! పన్నెండు వస్తువుల్నీ పరీక్షించారు. ఆ మంచం మీద మాత్రం ఒక్క పూటైనా తమలో ఎవరూ పడుకుని చూడలేదు.

ఆ రాత్రి భోజనానికి ముగ్గురూ కూర్చున్నారు. మామగారు అన్నం కెలుకుతున్నారు. భర్తకి సంగతి అప్పటికే తెలిసింది.

"ఆ మతిమరుపు పేజీ తీసేస్తున్నాను," అంది కోడలు.

భర్త ముద్ద ఆపాడు. "వచ్చేదాంట్లో సగం దాని మీదే వస్తోందే."

"తెలుసండీ."

"తీసేస్తే ఎలా గడుస్తుంది?"

"సగంతో ఎలా గడుస్తుందో అలా. మొదటి పేజీలో అత్తయ్య పోయి ఎనిమిది నెలలైందని రాస్తాను. ఇన్నాళ్ళూ దాచానని కూడా రాస్తాను. చదవడం మానేసేవాళ్ళు మానేస్తారు."

భర్త తండ్రి వైపు చూశాడు. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "రాయనీరా," అన్నారు.

కోడలు మామగారి కంచంలో కూర వడ్డించింది. గరిటె కిందపెట్టి మళ్ళీ అంది.

"గడియారం సంగతి కూడా రాస్తాను. ఏదైనా కొనేముందు ఒక పూట ఆ మంచం మీద మీరు పడుకుని చూడండి అని, అన్నిటికంటే పైన. దాని కింద ఏ దుకాణానికీ దారి ఉండదు. అన్నిటికంటే ముందు టీచరమ్మకి ఉత్తరం రాయాలి. తిని లేచాక రాస్తాను."