మగపిల్లల్ని మైదానానికి పంపని పాఠం

ఉగ్గానికని నానబెట్టిన బొరుగుల్ని గుప్పిళ్లతో పిండి గిన్నెలో వేస్తోంది మహిమ. కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి ఆమె మొగుడు నెహెమ్యా అన్నాడు. "ఈపొద్దు నేనూ బడికి వస్తాండా. అందరి ముందర తప్పయిందని ఒక్క మాట అనేస్తే సరిపోతాది. నోరేం అరిగిపోదు గదా."

నోరు అరిగిపోదట! కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ నోటికి వేరే పని ఉంటే కదా! కూరలో ఉప్పెక్కువైతే తప్పయింది. బస్సు ఆలస్యమైతే తప్పయింది. అత్త విశ్వాసమ్మ మోకాళ్లకు నూనె రాయడం మరిచిపోతే తప్పయింది. ఊరందరి పిల్లలకూ జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ, ఇంట్లో మాత్రం రోజూ నిలబడి అప్పజెప్పే పాఠం ఇదొక్కటే.

ఇప్పుడు చేసిన తప్పేమిటంటారా? ఎర్రగుంట్ల పక్కనున్న ఆ బడిలో ఒక ఆచారం ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మగపిల్లల్ని కబడ్డీ ఆడుకోండని మైదానానికి తోలేస్తారు. ఆడపిల్లలకు నెలసరి గురించి నాలుగు ముక్కలు గొణిగి, మిగతాది ఇంటికాడ చదువుకోమంటారు. ఇంటికాడ చెప్పేదెవరు? ఫోను చెబుతుంది. అందులో చూసిన చెత్తంతా సంసారమనుకుంటారు మగపిల్లలు. తమ ఒళ్లేదో తామే చేసిన నేరమన్నట్టు ముడుచుకుపోతారు ఆడపిల్లలు. ఈ ఏడు మహిమ ఎవర్నీ బయటికి పంపలేదు. అందర్నీ కూర్చోబెట్టి, బోర్డు మీద బొమ్మ గీసి, గుండె గురించి ఎట్లా చెప్పిందో ఇదీ అట్లాగే చెప్పింది. మొదట కిసకిసలు వినబడ్డాయి. కాసేపటికి అవే ప్రశ్నలయ్యాయి. ఒకరి ఒంటి మీద చెయ్యి వేయాలంటే వాళ్లకు ఇష్టముండాలి, వద్దన్నారంటే వద్దనే అర్థం అని ఆమె చెబుతుండగా కిటికీ పక్కన కూర్చున్న సుప్రజ లేచింది.

"పెళ్లయినాక గూడా వద్దనొచ్చునా మేడం?"

అనొచ్చని చెప్పింది మహిమ. మగపిల్లలు కూడా నవ్వకుండా విన్నారు.

ఆ పిల్ల ఊరికే అడగలేదు. సుప్రజ అక్కకు పోయినేడు వేంపల్లెలో పెళ్లి చేశారు. దసరాకు పుట్టింటికి వచ్చిన పిల్ల మళ్లీ కదల్లేదు. ఎందుకో చెప్పదు, అన్నం సరిగ్గా తినదు. తండ్రి నారాయణ బడి కమిటీ చైర్మను, పరువు గల రైతు. వచ్చే ఆదివారం కూతుర్ని దిగబెట్టి వస్తామని అల్లుడికి మాటిచ్చేశాడు. అదిగో, ఆ సమయంలో సుప్రజ పోయి మేడం మాట అక్క చెవిన వేసింది. పెద్దపిల్ల అప్పటికి నోరు తెరిచి, నేను పోనంది. అంతే, నారాయణ వచ్చి హెడ్‌మాస్టరు జయరాజ్ సారు ముందు కూర్చున్నాడు. మీటింగు పెట్టాలి, పెద్దపిల్ల కూడా వింటుండగా మేడం ఆ మాట తప్పని ఒప్పుకోవాలి, లేదంటే పైవాళ్లకు అర్జీ పెడతానన్నాడు. మహిమ ఒప్పుకుంటే ఆ పిల్ల ఆదివారం బండెక్కాల్సిందే.

ఈపొద్దు ఆ మీటింగుకు బయల్దేరుతుంటే, మేమేం చదువుకుని పిల్లల్ని కన్నామమ్మా అని విశ్వాసమ్మ దీర్ఘం తీసింది. నీ పెండ్లాం ఏం నేర్పిస్తాందప్పా అని చర్చిలో పెద్దలు అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నానని నెహెమ్యా వాపోయాడు. బండి మీద ఆయన వెనక కూర్చుని సిమెంటు లారీల దుమ్ముకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న మహిమకు, అనొచ్చని తను అన్న మాటే లోపల ముల్లులా గుచ్చుకుంటోంది. తను ఎప్పుడైనా వద్దని అన్నదా? జ్వరంలో అన్నదా? కడుపు పోయి నెల తిరక్కముందే ఆయన చెయ్యి మీద పడితే గోడవైపు తిరిగి పళ్లు బిగబట్టింది తప్ప నోరు విప్పిందా? ఆయన తాగడు, కొట్టడు. నీ మొగుడు బంగారమే అని అందరూ అంటారు. బంగారమే కాబోలు. కానీ ఆ బంగారం ఏనాడూ నీకిష్టమేనా అని అడగలేదు. అడగాలని ఆయనకు చెప్పిందెవరు? ఆయన కూడా ఆ పాఠం నాడు ఏదో ఒక బడి మైదానంలో కబడ్డీ ఆడినవాడే. అది తలుచుకుంటే మహిమకు ఆయన మీద జాలి కలిగింది. జాలి వెనకే, ఇన్నేళ్లూ నోరు మూసుకున్నందుకు చెప్పలేనంత కోపమొచ్చింది.

బడి వరండాలో మగవాళ్లకు కుర్చీలు వేశారు, ఆడవాళ్లు వెనక చాప మీద కూర్చున్నారు. వాళ్లలో సుప్రజ పక్కన పైట కప్పుకుని వాళ్లక్క ఉంది. ఒక్క మాటతో పోయేదానికి పంతమెందుకు మేడం అని జయరాజ్ సారు బతిమాలాడు. మహిమ లేచి నిలబడింది.

"పాఠంలో తప్పు లేదు నారాయణన్నా. నేను మార్చి చెప్పను."

నారాయణ చుట్టూ చూసి నవ్వాడు. "మీ ఇంట్లో గూడా ఇట్లనే వద్దంటావా మేడం? మీ ఆయన ఈన్నే ఉండాడు, అడుగుదామా?"

మగవాళ్లంతా గొల్లుమన్నారు. ముందు వరుసలో నెహెమ్యా తల దించుకున్నాడు. మహిమ తల దించలేదు.

"లేదన్నా. ఒక్కసారి గూడా అనలా," అంది. "జ్వరంతో పడుకున్యా అనలా. అనొచ్చని నాకెవరూ చెప్పలా. అడగాలని ఆయనకూ ఎవరూ చెప్పలా. అందుకే మీ పిల్లలకు చెప్తాండా."

నెహెమ్యా మొహం ఎర్రగా చేసుకుని వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "చాల్లే. పా ఇంటికి."

"వద్దు," అంది మహిమ.

ఆయనకు అర్థమైనట్టు లేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. క్లాసులో ఆఖరి బెంచీకి వినబడేలా చెప్పే గొంతుతో ఆమె మళ్లీ వద్దంది. ఆయన చెయ్యి వదిలేశాడు.

వెనక చాప మీద పెద్దపిల్ల లేచింది.

"నేనూ పోను నాయనా."