గోడవైపు దారి

మూడు వందల ఏళ్ళ కిందటి మాట. ఆ ఏడు లండన్‌లో తమ పేట కాపలా బాధ్యత కొవ్వొత్తులు పోసే టోబియాస్ వంతుకు వచ్చింది. సాయంత్రం ప్రార్థన ముగించుకుని వస్తుంటే సందులోంచి కేక వినబడింది. అటు పరుగెత్తాడు. తాగి వీధులమీద పడే దొరబిడ్డల ముఠా ఒకటి కత్తులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. పెద్దింటివాళ్ళకు గోడవైపు దారి వదిలి తాను బురదలోకి దిగడం అతనికి చిన్ననాటి అలవాటు. ఆలోచించేలోపే టోపీ తీసి, పక్కకు దిగాడు. సందు చివర, అతని కింద గస్తీ తిరిగే ముసలి ఆంబ్రోస్ చీలిన ముక్కు పట్టుకుని పడి ఉన్నాడు.

మర్నాడు న్యాయాధికారి ముందు, ఆ దొరబిడ్డల ఎదుటే, టోబియాస్ తాను దారివ్వడంతో సహా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వాళ్ళు దుండగులైతే టోపీ తీసి దారెందుకిచ్చావోయ్?" అన్నాడు న్యాయాధికారి.

"మా మర్యాదకు ఈయనే సాక్షి కదండీ! ముసలాడి ముక్కు ఏ తలుపుకో తగిలుంటుంది" అని ఒక దొరబిడ్డ పకపకా నవ్వాడు.

కేసు కొట్టేశారు.

బయటికొచ్చాక ఆంబ్రోస్ ముక్కుమీది కట్టులోంచి అడిగాడు. "టోబియాస్‌గారూ, ఇవాళ కూడా గస్తీకి రావాలా?"

టోబియాస్ దేవుడి ఎదుట నిజమే చెప్పాడు. మరి మనసెందుకు కుదుటపడలేదో అతనికి తెలియలేదు.

"రావాలి ఆంబ్రోస్. నేనూ నీతో వస్తాను."

"మీరొచ్చి ఏం చేస్తారు లెండి" అంటూ ఆంబ్రోస్ మెట్లు దిగిపోయాడు.