బొంగరం నిలబడే తీరు

ఇలా దగ్గరికి జరగండర్రా, గోడకి ఆనుకుని కూర్చోండి. బొంగరం వాళ్లమ్మ కథ చెబుతాను.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఓ రోజు కూతురి యూనిఫాం అంచు విప్పి పొడుగు చేస్తుంటే అత్తగారు అననే అంది: "తల్లికి నిలకడుంటే కదా పిల్లకి వచ్చేది. ఒకచోట కూర్చోదు, బొంగరంలా తిరుగుతుంది." కోడలు దారం కొరికి, అంచు రెండోవైపు తిప్పింది. పొద్దున లేచింది మొదలు తను కూర్చున్నది ఈ మిషను ముందే. అదీ కూర్చోవడం కిందకి రాదు, కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి. ఈ ఇంట్లో మిగతావాళ్లంతా కుదురుగా ఉన్నారంటే తను తిరుగుతోంది కాబట్టి కాదూ అనుకుంది.

పిల్ల సామాన్యురాలేం కాదు. పై తరగతి లెక్కలు నోటితోనే చెప్పేస్తుంది. పరీక్షలో మాత్రం సగం కాగితం రాసి కిటికీ దగ్గరికి పోతుంది. ఈసారీ పూర్తి చేయకపోతే అదే తరగతిలో ఉంచేస్తామని టీచరమ్మ చెప్పింది. డాక్టరమ్మకి చూపిస్తే ఏడీహెచ్‌డీ అంది. "తెలివికి లోటు లేదమ్మా, ధ్యాస నిలిచే తీరే వేరు. కొందరికి ఒళ్లు కదిలితేనే మనసు కుదురుతుంది."

మొగుడు నవ్వాడు. "వెనకటికి దీన్ని అల్లరనేవాళ్లు. రెండు తగిలిస్తే పోయేది."

ఒక మధ్యాహ్నం మిషను బెల్టు తెగింది. కొత్తది కొనుక్కొచ్చేలోగా పిల్ల స్టూలెక్కి, ఉత్త పెడలు తొక్కుతూ, లెక్కల పేజీ మొత్తం చేసేసింది. తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ మర్నాటి నుంచి బడి వదిలాక మిషను పిల్లది.

"మరి నా చొక్కా గుండీ?" అన్నాడు మొగుడు.

"సూదీ దారం డబ్బాలో ఉన్నాయి. మీరు కుదురుగానే కూర్చుంటారుగా, కుట్టుకోండి."

తర్వాత వడ్రంగి చేత కాలి కింద ఊగే చెక్క ఒకటి చేయించి బడికి పట్టుకెళ్లింది.

"అందరూ కావాలంటేనో?" అంది టీచరమ్మ.

"అడిగినవాళ్లకల్లా చేయిస్తాను. బొంగరం తిరిగితేనేనండీ నిలబడేది."

టీచరమ్మ చెక్కని కాలితో ఓసారి ఊపి చూసి, బెంచీ కిందికి తోసింది. పరీక్షనాడు పిల్ల కిటికీ వైపు పోలేదు, ఆఖరి లెక్క దాకా రాసింది.

గుర్తుపెట్టుకోండర్రా. ఎక్కడైనా కుదురులేదని పిల్లనీ, పెంపకం లేదని తల్లినీ అంటుంటే ఈ కథ చెప్పండి. ఆ గుండీ సంగతి మాత్రం వదిలెయ్యకండి. కాస్త వంకరగా కుట్టుకున్నాడు గానీ, ఇప్పటికీ ఊడలేదు.