ఓదెలు అంగీ

మూసీ పొంగి, నాలాలు ఎదురుతన్ని, శాలిబండ కింది గల్లీల్లో నడుముదాకా నీళ్లు నిలిచిన ఏడు అది. రెండువేల సంవత్సరం, ఆగస్టు. మా ఇంట్లో ఇరవై ఇండ్ల బట్టల మూటలున్నాయి. నా పెండ్లాం బుచ్చమ్మ వాటిలో ఒక్కటీ ముట్టలేదు. మంచం కింది రేకు డబ్బా తీసి నెత్తిన పెట్టుకుని గడప దాటింది. గిరాకుల బట్టలు మునుగుతుంటే చచ్చినోడి అంగీ మోస్తున్నవా అని అరిచాను. ఆమె నీళ్లలోకి దిగి నడిచింది.

ఆ డబ్బాలో ఉన్నది ఆమె తమ్ముడు ఓదెలు అంగీ. ఆరేండ్ల కింద, ఉతికిన బట్టలు ఇచ్చిరావడానికి వాడు ఒక ఇంటికి పోయాడు. ఆ ఇంటి చుట్టూ పోలీసులు కాపు కాస్తున్నారని వాడికేం తెలుసు. వాణ్ణీ ఠాణాకు పట్టుకుపోయారు. అప్పట్లో ఢిల్లీవాళ్లు చేసిన చట్టం ఒకటి ఉండేది. ఠాణాలో ఒప్పుకున్న మాట కూడా కోర్టులో చెల్లేది. ఒప్పుకోవడానికి ఓదెలు దగ్గర ఏమీ లేదు. నాలుగోరోజు శవాన్ని ఇచ్చారు. జ్వరం అని రాశారు. తెల్ల అంగీ వీపంతా నల్లగా గట్టిపడి ఉంది.

మా ఇంట్లో ఉతికేది ఆమె, ఇస్త్రీ నాది. పెండ్లయిన నాటినుంచి మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఊరి బట్టలన్నీ ఆమే బండకేసి కొట్టింది. సోడాకు వేళ్ల సందులు పగిలి, అన్నం కలుపుకుంటే కారం మండి ఎడమచేత్తో తినేది. మా అమ్మ అది చూసి, ఉతుకుడు గుడ ఒక పనేనా, ఆడోళ్ల చేతికి నీళ్లు అలవాటేనాయె అనేది. ఎవరైనా అడిగితే నేనూ, ఆమె ఇంట్ల ఊకెనే ఉంటది, పని నాది అనేవాణ్ణి. ఆమె తనంతట తాను ఉతకొద్దనుకున్న బట్ట ఈ అంగీ ఒక్కటే. చాకలోల్ల ఇంట్ల మాసిన బట్ట దాస్తరా అని మా అమ్మ సాధించేది. ఆమె ఒక్కసారే నాతో అంది: "అందరి మరకలు తీసేది నేనే. గిదొక్కటి ఉండనియ్యి."

ఇంకో సంగతి. ఆ ఠాణా యూనిఫారాలు మా నాయన కాలంనుంచి మాకే వస్తాయి. ఓదెలు పోయాక కూడా వచ్చాయి. వద్దంటే బతకనిస్తారా అన్నాను. ఆమే ఉతికింది. వాటిలో ఏది ఓదెలును కొట్టినోనిదో తెల్వదు, గందుకే అన్నిటిని ఒక్కతీర్గనే కొడ్త అంది ఒకనాడు. నేను నవ్వాననుకుంటా.

నీళ్లు తీసిన వారానికి ఉప్పుగూడ నుంచి వకీలు కోటేశ్వరమ్మ వచ్చి పోయింది. నేను ఇస్త్రీ బండి దగ్గరున్నాను. ఠాణాల్లో చచ్చిపోయినవాళ్ల సంగతులు రాసి, దేశాలన్నిటి పెద్దలు కూర్చునే జెనీవాకు పంపుతుందట. అన్నం పెడుతూ బుచ్చమ్మ నాకు చెప్పింది ఇంతే: "ఐతారం మల్లొస్తదట. మా ఓదెలు అంగీ విదేశం పోతది. పెద్ద పెద్ద జడ్జీలు చూస్తరు." ఆమె గొంతులో అంత సంబురం నేను ఎన్నడూ వినలేదు.

శనివారం ఆమె ఘాట్‌కు పోయాక డబ్బా తెరిచాను. వరద నీళ్లు దూరి అంగీకి ఒకవైపు బురద పట్టింది. జడ్జీలు చూసే బట్ట. మా చేతినుంచి మాసిన బట్ట ఎన్నడూ బయటికి పోలేదు. చల్లనీళ్లలో ఉప్పేసి నానబెట్టాను. రక్తానికి వేడినీళ్లు పనికిరావు. తర్వాత సోడా, నీలిమందు, గంజి. ఇస్త్రీ చేసి, మడతపెట్టి డబ్బాలో పెట్టాను. చూసి మురిసిపోతుందని ఆమెకు చెప్పలేదు.

ఆదివారం వకీలమ్మకు స్టూలు వేశాను. బుచ్చమ్మ ముందు తన మాట అడిగింది. "కట్టె పట్టినోడు గాదమ్మా, పట్టుమన్నోడు నాకు గావాలె. ఆ చట్టం చేసినోడు. ఢిల్లీల పెద్ద కుర్చీల ఉన్నా సరే."

దూరదేశంలో ఒక ముసలాయన పదిహేడేళ్లు ఏలాడనీ, చేయించిన దారుణాలకు విచారించాలని పోయిన నెలే కోర్టు అతని పదవి రక్షణ తీసేసిందనీ ఆవిడ చెప్పింది. "చిత్రహింసల మీద దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయమ్మా. కొట్టమన్నవాడూ, తెలిసి ఊరుకున్నవాడూ కూడా అందులో దోషులే. మనవాళ్లు సంతకం పెట్టి మూడేళ్లయింది కానీ ఖాయం చెయ్యలేదు. అందుకని జెనీవావాళ్లు మన సర్కారును పిలిచి అడగలేరు. పంపిన కాగితం అక్కడ పడి ఉంటుందంతే."

"పడి ఉండనియ్యి. ఇక్కడ ఆరేండ్లు పడి లేదా" అని బుచ్చమ్మ డబ్బా మూత తీసింది.

అంగీ కొత్తదానిలా ఉంది. బుచ్చమ్మ ఎత్తి వాసన చూసింది. వకీలమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరు ఉతికారని అడిగింది. నేనే అన్నాను.

పరీక్షకు ఇంకేమీ మిగల్లేదని ఆవిడ అంది. అక్క మాటంటే ఏడుపంటారు, లెక్కలోకి తీసుకోరు. "మరకలు మీ చేతికి తెలుసు. ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పండి, రాసుకుంటాను. సంతకం పెట్టండి. ఇక మిగిలిన సాక్ష్యం మీరే."

వీపున అడ్డంగా ఎనిమిది చారలు. ఎడమ చంక కింద పిడికిలంత. కుడిచేతి మడత దగ్గర కాలిన పుండ్ల మరకలు రెండు. అన్నీ నాలుక మీదే ఉన్నాయి. బయట తీగ మీద యూనిఫారాలు ఆరుతున్నాయి.

"యాదికి లేదమ్మా" అన్నాను.

ఆవిడ పోయాక బుచ్చమ్మ ఏడవలేదు. గొంతు పెంచలేదు. "నువ్వు తక్కువ మాట్లాడుతవని అందరంటరు. అది మంచితనం అనుకున్న, ఇన్నేండ్లు" అంది. పొద్దుగాల ఉప్పుగూడ పోయి తానే చెప్తానంది. నీ మాట చాలదన్నది గదా అన్నాను.

"చాలకపోతే చాలకపాయె. నేను చూసిన, నేను చెప్త."

తెల్లవారి ఆమె ఘాట్‌కు పోలేదు. ఉప్పుగూడ బస్సెక్కింది. నేను యూనిఫారాలు ఇస్త్రీ చేసి ఠాణాకు తీసుకుపోయి ఇచ్చాను. జవాను ఒకడు కాలరు తడిమి చూసి, గంజి మంచిగ పట్టింది అన్నాడు.