నుదుటి మీద మచ్చ

పసుపు తగ్గించాలి, ఇంకొంచెం, ఇంటికప్పు కారి వాన నీళ్లు తాగిన ఫొటో ఇది, ముఖమంతా టీ ఒలికినట్టుంది, అయినా భయం లేదు, అడ్జస్ట్‌మెంట్ లేయర్ అంటే అసలు ఫొటోను ముట్టుకోకుండా దాని మీద పరిచే పల్చటి రంగు పొర కదా, నచ్చకపోతే తీసెయ్యొచ్చు, కింద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మన కర్మలకూ దేవుడు ఈ వీలు ఇస్తే, తప్పు, పొద్దున దీపం పెట్టి వచ్చి ఇవేం ఆలోచనలు, విమానం శంషాబాద్‌లో దిగుతోంది, స్టూడియో అద్దాలు గలగలమంటున్నాయి, పక్కన స్టూలు మీద వీరేందర్ కాలు ఆడిస్తున్నాడు, రేపు వాళ్లమ్మ సత్తెమ్మ దశదినం, అన్నా జర జల్ది, మరీ తెల్లగ చెయ్యకు, ఎవని అమ్మరా అని చుట్టాలు అడుగుతరు, నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, గా నుదుటి మీద మచ్చ ఒకటి తీసెయ్యన్నా.

మచ్చే అనుకున్నాను, ఇంకో పొర వేసి ఎరుపు పెంచాను, గుండ్రంగా తేలింది, కుంకుమ, మెడ చూశాను, పుస్తెలతాడు లేదు, చేతులకు గాజులు లేవు, ఇది ఎప్పటి ఫొటో వీరేందర్, ఎయిర్‌పోర్ట్ తెరిచిన ఏడాదిదన్నా, రావిర్యాలల చిన్నమ్మ ఇంటికి పోయొస్తుంటె దారిల ఫొటో దిగిందట, బాపు అప్పటికే పోయిండు గద, అంటూ తెర మీదికి వంగాడు, కాలు ఆడించడం మానేశాడు, బొట్టా గది, తుడువన్నా, రేపు కులపోళ్లంత వస్తరు, సచ్చినంక గూడ అమ్మను మాటలంటరు, ఆ మాటలు నాకు తెలియనివా, మా ఇంట్లోనూ పాటించాం, భర్త పోయిన మా చంద్రమ్మక్క వేలు ఇప్పటికీ అద్దం చూస్తే నుదుటి దాకా పోయి ఆగిపోతుంది, తల్లీ, గుడిలో నువ్వు ఒళ్లంతా పసుపు కుంకుమలతో ఉంటావు, వీళ్లకెందుకు వద్దన్నావు, నువ్వన్నావా, మేమన్నామా.

చెయ్యి మౌస్ మీదే ఉంది, రంగు పొరలతో ఇది పోదు, అసలు ఫొటో మీదికే చెయ్యి పోవాలి, ఏందన్నా ఆగినవ్, ఇంకో ఫొటో లేదా మీ అమ్మది, ఉన్నదన్నా, ఆధార్ కార్డుది ఉన్నది, గని నేను పోయినంక గిదే పెట్టాలె బిడ్డా అని చేతిల చెయ్యి ఏయించుకున్నది, ఎందుకో చెప్పలె, అని తెర మీది బొట్టు వైపు చూశాడు, సత్తెమ్మ మాత్రం నిటారుగా నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది, భర్త పోయిన పదో దినాన అందరూ కలిసి బొట్టు తుడిచినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు, ఈసారి ఎవరూ అడగకముందే ఆమె చెప్పి పోయింది.