చివరి పేజీ మీద పేరు

నేను ఒక జపపుస్తకాన్ని. నల్ల తోలు అట్ట, ఎర్ర రిబ్బను, పన్నెండు వందల పేజీలు. ఫాదర్ శౌరయ్య గురుపట్టం పొందిన రోజున వాళ్ళమ్మ నన్ను ఆయన చేతిలో పెట్టి, "రోజుకు ఐదుసార్లు తెరువు నాయనా. నన్ను తలుచుకోకపోయినా ఫర్వాలేదు, దేవుణ్ణి తలుచుకో" అంది. ఆయన నన్ను కళ్ళకద్దుకున్నాడు. అప్పటినుంచి ఆయన నావాడేననుకున్నాను.

కృష్ణ పాయల మధ్య ఒక లంకలో ఆయన విచారణ గురువు, అక్కడి చర్చికీ జనానికీ పెద్ద. ఆరేళ్ళపాటు పొద్దున్నే గుడి అరుగు మీద కూర్చుని నాలోని కీర్తనలు చదివాడు. ఆయన బొటనవేలు తగిలి తగిలి నా పేజీల అంచులు మాసిపోయాయి. ఆ మరకలు నాకు నగలు.

అప్పుడొచ్చింది, అట్ట మీద నెమలి బొమ్మతో, ఒక చవకబారు నోటుబుక్కు. ఆయన అందులో కవితలు రాయసాగాడు. నన్ను తెరిచి, రెండు చరణాలు చదివి, ఏదో తట్టినట్టు ఆగి, నన్ను బోర్లించి దాన్ని అందుకునేవాడు. నాలోని మాట తీసుకెళ్ళి దాని ఒళ్ళో పోసేవాడు! వండింది నేను, తిన్నది అది. సవతిపోరు అని మనుషులు ఎందుకంటారో నాకప్పుడు తెలిసింది.

నా ఉడుకుమోత్తనం ఇంకొకరికీ ఉంది. గుడి పనులు చూసే ఉపదేశి జోజయ్య, స్వామివారు జపం వదిలి కవిత్వం పట్టుకున్నారని బిషప్పుగారికి ఉత్తరం రాశాడు. బిషప్పుగారు ఫాదర్‌ను పిలిపించారు.

"శౌరయ్యా, ఉన్నది ఒక్క గొంతు. దాంతో దేవుణ్ణి పిలుస్తావా, నిన్ను నువ్వు వినిపించుకుంటావా?"

"రెండూ ఒకటేననుకున్నాను, తండ్రీ."

"అయితే ఏడాదిపాటు కవిత్వం మాని చూడు."

నోటుబుక్కు బిషప్పుగారి బీరువాలోకి వెళ్ళింది. నేను ఫాదర్ చంకలో తిరిగొచ్చాను. ఆ దారంతా నాకు పండగే.

ఆ తర్వాత ఆయన ఒక్క పూట కూడా తప్పలేదు, ఒక్క అక్షరం వదల్లేదు. కానీ ఆ చదువులో ప్రాణం లేదు. అలిగి తిరిగొచ్చిన మొగుడు గోడవైపు తిరిగి పడుకున్నట్టుంది నా బతుకు. మనిషి నా దగ్గరే ఉన్నాడు, మనసు మాత్రం బీరువాలో ఉంది.

శ్రావణంలో ఏరు పోటు మీదుండగా పడవ బోల్తాపడింది. మా లంకలోనే ఉండే ఇన్నమ్మ కూతురు తెరేజ అందులో పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. భూస్థాపన దగ్గర ఫాదర్ నన్ను తెరిచి మృతుల ప్రార్థన చదువుతుంటే, ఇన్నమ్మ అడ్డుపడింది.

"అయ్యి అందరికీ చదివే మాటలే గదా సామీ. మా అమ్మకీ అయ్యే చదివారు. నా బిడ్డకంటూ ఒక్క మాట చెప్పండి. దాని పేరుతో చెప్పండి."

ఆయన జేబులు తడుముకున్నాడు. అప్పుడు జోజయ్య, ఫిర్యాదు చేసిన ఆ జోజయ్యే, చెవి మీది పెన్సిలు తీసి అందించాడు.

"రాయండి సామీ. పాపమేదైనా ఉంటే నేను మోస్తా."

కాగితం లేదు. నా చివరి ఖాళీ పేజీ మీద రాశాడు. రాసింది పైకి చదివాడు.

"ఏటికి నీ పేరు తెలియదు తెరేజా, అందుకే మాట్లాడకుండా తీసుకుపోయింది. నీ పేరు తెలిసినవాడు ఆవలి గట్టున నిలబడి పిలుస్తున్నాడు, పలుకు తల్లీ."

ఇన్నమ్మ అప్పుడు ఏడ్చింది. అంతవరకు ఆమెకు ఏడుపే రాలేదు.

మర్నాడే ఫాదర్ నన్ను తీసుకెళ్ళి బిషప్పుగారి ముందు పెట్టాడు. "మాట తప్పాను, తండ్రీ." బిషప్పుగారు ఆ పేజీ చదివారు. మళ్ళీ చదివారు. "ఇది జపమేనయ్యా. నేనే వినలేకపోయాను" అన్నారు. బీరువా తెరిచి నోటుబుక్కు ఆయన చేతికిచ్చారు. నా స్థానంలో కొత్త జపపుస్తకం ఇచ్చి, నన్ను తన దగ్గర ఉంచుకున్నారు.

అదీ నాకు దక్కిన న్యాయం! సవతి ఆయనతో వెళ్ళింది, నేను ఉండిపోయాను.

ఇప్పుడు బిషప్పుగారి పీఠం వారి ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నన్ను ఎప్పుడూ ఆ చివరి పేజీ దగ్గరే తెరిచి ఉంచుతారు. వచ్చినవాళ్ళు ఆ పెన్సిలు గీతలు చదివి కళ్ళు తుడుచుకుంటారు. పన్నెండు వందల పేజీల కీర్తనలు ఎవరికీ పట్టవు. నా ఒంటి మీదున్న నాలుగు వరసలంటేనే నాకు కుళ్ళు.

ఏటా ఒకసారి ఇన్నమ్మ వస్తుంది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ పేరెక్కడుందో తెలుసు. సరిగ్గా అక్కడే గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. ఆ చెయ్యి అక్కడున్నంతసేపూ నాకు ఎవరి మీదా అసూయ ఉండదు. తీసేశాక మళ్ళీ మొదలవుతుంది.