లీజు కారుకు బొట్టు

కొత్త కారు ఫ్యాక్టరీ గేటులోకి వచ్చిన రోజు దాని చప్పుడు ఎవరికీ వినబడలేదు. వాచ్‌మన్ అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. ఇటు తిరిగేసరికి తెల్లటి కారు మోకాళ్ళకు తగిలేంత దగ్గరలో నిలబడి ఉంది. అతను ఎగిరి గంతేశాడు. మామిడి గుజ్జు డబ్బాలు సర్దుతున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. స్టీరింగు ముందు కూర్చున్న ధనంజయకు మాత్రం నవ్వు రాలేదు. నవ్వాల్సిన చోటని తెలుసు, మొహం కదల్లేదు.

నాగులమ్మ పోయినప్పటి నుంచి అతనికి అంతా ఇలాగే ఉంది. పెళ్ళాం పోయినవాడు ఏడవాలి కదా. కాటి దగ్గరా ఏడవలేదు, దినాలనాడూ ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడని కొందరు బంధువులు జాలిపడ్డారు. అసలు ఉంటే కదా అని మిగతావాళ్ళు అన్నం తింటూ అనుకున్నారు. అనేవాళ్ళకేం, చెయ్యి కడుక్కుని ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశారు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ మొద్దుబారుతుందే, ధనంజయకు ఒళ్ళంతా అలా ఉండేది. ముట్టుకుంటే తెలిసేది గానీ నొప్పి తెలిసేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడే డ్యూటీకి వచ్చేశాడు. ఇంట్లో ఉండి చేసేదేముంది? పిల్లల్లేరు. పొయ్యి ముందు నిలబడితే ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలియదు. అడగడానికి మనిషి లేదు. బండి ఎక్కితే మాత్రం పోవాల్సిన ఊరొకటి ఉంటుంది, తిప్పాల్సిన మలుపులుంటాయి. చీకటి పడిందాకా బండి ఉంటే చాలు, ఆ తర్వాత నిద్ర దానంతటదే వస్తుంది. అందుకే ఆ ఉద్యోగం అతనికి జీతం కంటే ఎక్కువైంది.

అలాంటి సమయంలో ఓనరు మునిరామయ్య పాత డీజిల్ కారును అమ్మేసి కరెంటు కారు తెచ్చాడు. తెచ్చాడంటే కొనలేదు. కంపెనీ పేరు మీద లీజుకు తీసుకోమని ఆడిటరు చెవిలో ఊదాడు. నెలనెలా బాడుగ కట్టాలి, గడువు తీరాక ఎవరి కారు వాళ్ళకు అప్పగించాలి. లీజు అంటే ధనంజయకు తెలిసింది మామిడి తోటలే. పిందె మీద తోట తీసుకుని, కాయ కోసుకుని, చెట్లను చెట్లలాగే వదిలి పోవాలి. కొమ్మ విరిస్తే రైతు గొంతు మీద కూర్చుంటాడు.

"దీనికీ అదే లెక్కప్పా," అన్నాడు మునిరామయ్య. "ఒక్క గీత పడకూడదు. మనది కాదిది. ఏం జరిగినా వాళ్ళు నన్నడగతారు, నేను నిన్నడగతా."

తనది కాని కారును తనదిలా చూసుకునే మనిషి ఆ ఇంట్లో ఒకరున్నారు. ఆమె మునిరామయ్య తల్లి గంగులమ్మ. మొగుడు కొన్న మొదటి ట్రాక్టరు నుంచి ఆ ఇంటికి వచ్చిన ప్రతి బండికీ తన చేత్తో బొట్టు పెట్టిన మనిషి. కొత్త బండి కాణిపాకంలో పూజ చేయించుకోకుండా రోడ్డెక్కడమంటే ఆమె దృష్టిలో బిడ్డను గుడ్డలు లేకుండా బజారుకు పంపడమే. సరే, తీసుకుపోయారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. ఇంజనుకు బొట్టు పెట్టాలి, బానెట్ ఎత్తమన్నాడు పూజారి. ఎత్తితే అక్కడ ఇంజను లేదు, నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటుంది. పూజారి దానికే ఇంత పసుపు పూసి, దక్షిణ అందుకుని, పక్కనున్న ఆటో దగ్గరికి పోయాడు.

గంగులమ్మకు అది చాలలేదు. "ఇంజను లేని బండికి పానం యాడుంటాదప్పా?" అని ధనంజయను నిలదీసింది.

"ఈడుండాదమ్మా. కరెంటు ఈడనుంచే లోపలికి పోతాది," అని అతను ఛార్జింగ్ పెట్టే చోట మూత తెరిచి చూపించాడు. పైన చిన్న చిన్న కన్నాలు. వాటి కింద ఒక రబ్బరు మూత, దాని వెనక రెండు పెద్ద కన్నాలు.

"అచ్చం కండ్ల మాదిరే ఉండాయే!" అని మురిసిపోయి, పసుపు ముద్దలో కుంకుమ కలిపి రెండింటికీ అద్దేసింది ముసలామె.

"ఆడొద్దమ్మా!" అంటూ ధనంజయ అప్పటికప్పుడు గుడ్డతో తుడిచాడు. మునిరామయ్య అవతల ఫోన్లో మామిడి ధర మాట్లాడుకుంటున్నాడు. ఇదేమీ చూడలేదు.

కొత్త కారు నడపడం అలవాటు కావడానికి కొన్నాళ్ళు పట్టింది. క్లచ్ లేదు, గేర్లు లేవు. ఎడమ కాలు పని కోసం వెతుక్కునేది. పాత బండి గడగడలో మనిషికి తన లోపలి మాటలు వినబడేవి కావు. ఇందులో అన్నీ వినబడతాయి. అయితే ధనంజయ లోపల వినడానికేమీ లేదు కాబట్టి చిక్కు రాలేదు.

శుక్రవారం మాత్రం వేరు. ఆ రోజు గంగులమ్మను తిరుపతికి తీసుకుపోయి, అలిపిరి దగ్గర మెట్లకు కర్పూరం వెలిగింపజేసి, మళ్ళీ చిత్తూరులో దించాలి. బయల్దేరే ముందు ఆమె కారుకు పూజ చేసేది. అది ముగిసేలోపు అతను టీ తాగి వచ్చేవాడు. దారి పొడవునా ఆమె వెనక సీట్లో కూర్చుని మాట్లాడుతూనే ఉండేది. ఎక్కువగా నాగులమ్మ గురించే.

"మీ నాగులమ్మ నూరే ఊరిబిండి పచ్చడి రుసి మా కోడలికి ఈ జన్మలో రాదప్పా. శనిక్కాయలు యేయించేదాంట్లోనే ఉండాది కత. నాగులమ్మ సెప్పినాది నాకు, మంట తగ్గించల్లంట."

ఊళ్ళో అందరూ ఆ పేరు ఎత్తకుండా జాగ్రత్తపడేవాళ్ళు. అతని ముందు పేరు తీస్తే ఏదో పగిలిపోతుందన్నట్టు మాట మార్చేవాళ్ళు. ఈ ముసలామె ఒక్కతే ఆ పేరును పక్కింటి మనిషి పేరులా వాడేది. ధనంజయ రోడ్డు మీదే చూపు పెట్టి నడిపేవాడు. అతనికి ఏమీ అనిపించేది కాదు. కానీ శుక్రవారం రాత్రి మాత్రం రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

ఆ శుక్రవారాలంటే గంగులమ్మకూ ప్రాణమే. ఆ మధ్య ఆమె గ్యాసు ఆపడం మరిచిపోయింది. ఇల్లంతా వాసన కమ్మింది. అప్పుడు మునిరామయ్య అందరి ముందూ చెప్పేశాడు. "అమ్మా, నీకు మతి నిలవడంలేదు. ఇంకొక్కసారి ఇట్లాంటిది జరిగిందంటే పనిమనిసిని కాపలా పెట్టి గడప దాటనియ్యను." అతను చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు, భయాన్ని అరుపుగా చూపించాడు, మన ఇళ్ళల్లో కొడుకులు చేసే పనే. కానీ ముసలామె ఆ మాటను పట్టుకుని వణికిపోయింది.

మామిడి సీజనులో గుజ్జు కొనే దుబాయ్ పార్టీ వచ్చింది. ఫ్యాక్టరీ చూపించి, తిరుపతిలో భోజనం పెట్టించి, రేణిగుంటలో విమానం ఎక్కించాలి. అటూ ఇటూ తిరిగి ఛార్జింగ్ అడుగంటింది. తిరుపతిలో గబగబా ఛార్జింగ్ పెట్టే చోటు ఒకటుంది. ఫ్యాక్టరీలో రోజూ పెట్టే వైరుకు పైకన్నాలే చాలు. ఇక్కడి లావుపాటి వైరుకు కింది పెద్ద కన్నాలు కూడా కావాలి. ధనంజయ రబ్బరు మూత తీసి, చూడకుండానే వైరు గుచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. తీసి మళ్ళీ గుచ్చాడు. లోపల ఏదో చిటుక్కుమంది. ఆ తర్వాత కారు ఇంక దేనికీ పలకలేదు. టాక్సీ దొరికేలోపు దుబాయ్ వాళ్ళ విమానం వెళ్ళిపోయింది, వాళ్ళతో పాటు బేరమూ పోయింది.

లీజు కంపెనీ మనిషి వచ్చి కన్నాల్లో దూది తిప్పి బయటికి తీశాడు. దూదికి పసుపు, కుంకుమ, గంధం గట్టిపడి అంటుకున్నాయి. ప్రతి శుక్రవారం ఇంత చొప్పున లోపలికి పోయి పేరుకుంది. అతను ఫోటో తీసుకున్నాడు. "ఇది మా కారు తప్పు కాదు సార్. రిపేరు మీరే భరించాలి. కారు చూసుకునే మనిషిని కూడా మార్చుకుంటే మంచిది," అని మర్యాదగా చెప్పి పోయాడు.

మునిరామయ్య ఇంటి వరండాలో నిలబడి అరిచాడు. "మనది కాదప్పా అని మొదటిరోజే సెప్పినానా లేదా? కన్నాల్లో కుంకమ పూస్తావా? నీకేమన్నా మతి పోయినాదా?"

"నేను పెట్టలేదు సార్."

"మరెవరు పెట్టినారు?"

గ్రిల్ తలుపు వెనక గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ధనంజయ ఆమెను చూశాడు. ఒక్క ముక్క చెబితే తన పని నిలబడుతుంది. చెప్పలేదు. త్యాగమూ కాదు, పాడూ కాదు. నోరు తెరిచి ఇంకో మాట అనడానికి ఓపిక లేదు. "తెలీదు సార్," అన్నాడు.

"ఈ మాట కాణిపాకంలో సెప్తావా?"

చిత్తూరు వైపు ఏ తగాదా అయినా ఆ మాటతో ఆగిపోతుంది. స్టేషన్లో అబద్ధమాడేవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం అంటే కాళ్ళు వెనక్కి వేస్తాడు. "సెప్తా సార్," అన్నాడు ధనంజయ.

"సేసినావంటే నీ పని నీదే. నేను మల్లా నోరెత్తను."

"నేనూ వస్తా," అంది తలుపు వెనక నుంచి గంగులమ్మ.

మర్నాడు పొద్దున టాక్సీలో పోయారు. ధనంజయ కొళాయి కింద స్నానం చేసి, తడిగుడ్డలతోనే లోపలికి నడిచాడు. భయం ఉండాలి కదా అని వెతుక్కున్నాడు, దొరకలేదు. నాగులమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇక్కడికే వచ్చి, పొర్లు దండాలు పెట్టి, మొక్కగలిగినవన్నీ మొక్కాడు. అప్పటి భయంతో ఆ ఖాతా ముగిసిపోయింది. పూజారి పట్టుకున్న పళ్ళెంలో మండుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "వరసిద్ధి వినాయకుని సాచ్చిగా సెప్తా ఉండా. ఆ కారు కన్నాల్లో నేను బొట్టు పెట్టలేదు."

మునిరామయ్య నిట్టూర్చి అతని తడి భుజం మీద చెయ్యి వేశాడు. నిజానికి అతనికీ ఈ మనిషిని పోగొట్టుకోవడం ఇష్టం లేదు. "సాలప్పా. నమ్మినా." అంతలోనే అతని కనుబొమ్మలు ముడిపడ్డాయి. "మరింకెవరు? ఆ బండికి సుక్కురారం సుక్కురారం పూజ సేసేది..." అంటూ మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

"నన్నేల సూస్తావురా? నాకేం తెలుసు!" అంది గంగులమ్మ. గొంతు కీచుమంది. "నేనూ సేస్తా పెమాణం. నేను మాత్రం సెయ్యలేనా?"

ఎవరూ అడగకముందే పళ్ళెం మీద చెయ్యి చాపింది. మంట ఆమె గాజుల మీద మెరుస్తోంది. "సామీ, నేను..." అని ఆగింది. రోడ్డు మీద దిష్టి నిమ్మకాయ కనబడితే చుట్టూ తిరిగి పోయే మనిషి ఆమె. ఆ మాట పూర్తయిందంటే బతికున్నన్నాళ్ళూ ప్రతి తుమ్ముకీ, ప్రతి జ్వరానికీ ఈ రోజునే తలుచుకుని చస్తుంది. ధనంజయకు అది స్పష్టంగా కనబడింది. కనబడగానే మొద్దుబారిన ఒంట్లో ఎక్కడో చురుక్కుమంది.

"నేనే పెట్టినా సార్," అన్నాడు. "ఇందాక అబద్దం సెప్పినా."

పళ్ళెం పట్టుకున్నతను అడుగు వెనక్కి వేశాడు. పక్కన వరుసలో ఉన్న ఆడమనిషి పిల్లను దగ్గరికి లాక్కుంది. మునిరామయ్య మొహంలో కోపం లేదు, అంతకంటే చెడ్డదేదో ఉంది.

"కారు పోతే పోనీ అనుకుంటినప్పా. సామి ముందర అబద్దం సెప్పినోన్ని నా బండి ఎట్లెక్కించేది? రేపట్నుంచి రావద్దు." తడిగుడ్డల మనిషిని అక్కడే వదిలి గబగబా బయటికి నడిచాడు.

గంగులమ్మ కదల్లేదు. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ఎంత పని సేసినావప్పా! నా తప్పు నెత్తినేసుకుంటివే. సామి ఊరుకోడు. నీకేమన్నా అయితే నేనేం సేసేది?"

"ఏమీ కాదులేమ్మా. ఇంక నా కాడ ఎత్తుకపోయేదానికి ఆయనకేముండాది?"

ఓదార్చడానికే అన్నాడు. ముసలామె బావురుమంది. బయట నుంచి కొడుకు పిలిస్తే కళ్ళు తుడుచుకుంటూ, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయింది.

ధనంజయ చిత్తూరు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. గుడ్డలు ఒంటి మీదే ఆరుతున్నాయి. బస్సు కదిలింది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కూతురి కాన్పు గురించి, కూరగాయల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. వింటూ కూర్చున్నవాడికి ఉన్నట్టుండి రేపు శుక్రవారమని గుర్తొచ్చింది. రేపు ఏదో ఒక బండి వెనక సీట్లో ముసలామె ఊరిబిండి గురించి ఇంకో డ్రైవరుతో మాట్లాడుతుంది. ఆ డ్రైవరుకు నాగులమ్మ ఎవరో తెలియదు. ముసలామెకు కూడా ఆ పేరు ఎత్తే పని ఉండదు.

తన దగ్గర ఏమీ లేదనుకున్నాడు. ఒకటి ఉండేది. ఇప్పుడే, తన చేత్తోనే ఇచ్చేసి వచ్చాడు. రొమ్ములో నొప్పి పుట్టింది. చెయ్యి పెట్టి ఇక్కడని చూపించగలిగేంత నొప్పి. అతను ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని దాని మీద నుదురు ఆనించి, బస్సు దడదడలో ఎవరికీ వినబడకుండా, నాగులమ్మా అన్నాడు. ఆమె పోయాక ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. మళ్ళీ అన్నాడు. ముందు సీటు ఆడవాళ్ళు మాటలాపి వెనక్కి తిరిగి చూసేదాకా అంటూనే ఉన్నాడు.